ఒకే గడప, పలు దర్శనములు: స్థిరబృంద పరిశీలన చరిత్రయు రాష్ట్రేతరాంధ్రుల లెక్కలును

తమిళనాటి తెలుగువారిని గూర్చి జనాభా లెక్కలు చెప్పు కథ విచిత్రముగా నున్నది. తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు 1991లో ఆ రాష్ట్రమున సుమారు 39.7 లక్షలు. 2001 నాటికి ఆ సంఖ్య సుమారు 35.3 లక్షలకు దిగినది. 2011 నాటికి సుమారు 42.3 లక్షలకు ఎక్కినది. ఒక దశాబ్దమున నాలుగు లక్షలకు పైగా తగ్గి, మరు దశాబ్దమున దాదాపు ఏడు లక్షలు పెరిగిన జనసమూహము నిజముగా అట్లు క్షీణించి, అట్లు వృద్ధి పొందినదా? కర్ణాటకమున 2001లో సుమారు 37 లక్షలుగా నున్న తెలుగువారు 2011లో 35.7 లక్షలైరి, ఆ కాలముననే రాష్ట్ర జనాభా 5.28 కోట్ల నుండి 6.11 కోట్లకు పెరిగినది. మహారాష్ట్రమున 14 లక్షలవారు 13.2 లక్షలైరి.

ఈ అంకెలను చూచి కొందరు భాష నశించుచున్నదని దుఃఖింతురు. కొందరు లెక్కలే తప్పని కొట్టివేయుదురు. రెండును తొందరపాటు తీర్పులే. ఒక రాష్ట్రమున తెలుగువారి సంఖ్య తగ్గుటకు మూడు మార్గములు కలవు. కుటుంబములు ఆ రాష్ట్రమును విడిచిపోయి యుండవచ్చును. పిల్లలు తల్లిదండ్రుల భాషను విడిచి స్థానిక భాషను తమదిగా చెప్పుకొని యుండవచ్చును. లేదా ఆ కుటుంబమే, ఆ మనుజులే, మొదటిసారి ఒక సమాధానమును, రెండవసారి మరియొక సమాధానమును ఇచ్చి యుండవచ్చును. మొదటిది వలస, రెండవది భాషాంతరీకరణము, మూడవది చెప్పుకొను తీరులోని మార్పు. ఈ మూడింటికిని చికిత్సలు వేరు. కాని పదేండ్లకొకసారి తలలు లెక్కించు పద్ధతికి ఈ మూడింటిని విడదీయు శక్తి లేదు.

ఆ శక్తి గల పద్ధతి యొకటి ఇరువదవ శతాబ్దమున క్రమక్రమముగా రూపొందినది. ఎంచుకొన్న వ్యక్తులనో కుటుంబములనో ఏండ్ల తరబడి మరల మరల దర్శించి, అవే ప్రశ్నలడిగి, ఒక్కొక్కరి సమాధానములను వారి పూర్వ సమాధానములతో జతపరచుట దాని సారము. శాస్త్రజ్ఞులు దీనిని ప్యానెల్ పద్ధతి యందురు. తెలుగున స్థిరబృంద పరిశీలన యనవచ్చును. దీని చరిత్రలో తెలుగువారి పాత్రయు స్వల్పము కాదు.

మొత్తములు దాచు మార్పులు

ఒక ఊరిలో నూరు కుటుంబములు కలవనుకొందము. మొదటి లెక్కలో 60 కుటుంబములు తెలుగును, 40 కుటుంబములు తమిళమును చెప్పినవి. పదేండ్ల తరువాతి లెక్కలోను 60, 40 అనియే వచ్చినది. మార్పు లేదని నివేదిక వ్రాయబడును. కాని ఆ ఇండ్లకే మరల పోయి చూచిన యెడల రెండు విధములైన చిత్రములు కనబడవచ్చును. ఆ 60 ఇండ్లును తెలుగునే నిలుపుకొని యుండవచ్చును. లేదా వానిలో 20 తమిళమునకు మారి, మొదట తమిళము చెప్పిన 20 ఇండ్లు తెలుగు చెప్పి యుండవచ్చును. మొదటి ఊరిలో భాష బండవలె నిలిచియున్నది. రెండవ ఊరిలో అది నీటివలె కదలుచున్నది. మొత్తములు మాత్రము రెండు ఊళ్లకును ఒక్కటియే.

సమూహముల అంకెల నుండి వ్యక్తులను గూర్చి తీర్మానించుట యెంత ప్రమాదకరమో 1950లో డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ చూపెను. 1930 నాటి అమెరికా జనాభా లెక్కలను ఆయన రెండు విధములుగా పరిశీలించెను. వ్యక్తులను తీసికొన్నచో విదేశమున పుట్టినవారిలో నిరక్షరాస్యత కొంచెము హెచ్చు, సహసంబంధము 0.118. రాష్ట్రములను తీసికొన్నచో విదేశీయులు హెచ్చుగా గల రాష్ట్రములలో నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధము ఋణ 0.526. రెండును సరియైన లెక్కలే. వలసవచ్చినవారు చదువు హెచ్చుగా వ్యాపించిన రాష్ట్రములలో కుదురుకొనుటయే ఈ వైరుధ్యమునకు కారణము. రాష్ట్రపు మొత్తమును చూచి మనిషిని గూర్చి చెప్పువాడు తలక్రిందుగా చెప్పు అవకాశము కలదని దీనివలన తేలినది.

రాష్ట్రేతరాంధ్రుల విషయమున మరియొక చిక్కు కలదు. మనుజులు కదలకుండగనే సరిహద్దులు కదలినవి. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములలోని తెలుగువారు ఇల్లు కదలకయే మద్రాసు రాష్ట్రమునకు వెలుపలివారైరి. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు బళ్లారి ప్రాంతము మైసూరులో చేరినది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ఆంధ్రప్రదేశమునకును చెందినవి. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, పిదప పుదుచ్చేరిలో భాగమై, చుట్టును ఆంధ్రదేశమే యున్నను వేరు లెక్కలో చేరుచున్నది. కావున ఒక రాష్ట్రపు తెలుగువారి సంఖ్యను 1931 నుండి 2011 వరకు ఒకే గీతగా గీయుట సాధ్యము కాదు. గీత క్రింది నేలయే మారినది. కుటుంబమును ప్రమాణముగా తీసికొన్నచో ఈ చిక్కు తొలగును. ఏలయన సరిహద్దు మారినను గడప మారదు.

ఈరీ కౌంటీ ప్రయోగము

వియన్నా నుండి అమెరికాకు పోయిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ 1938లో మార్జొరీ ఫిస్కెతో కలిసి ప్రజాభిప్రాయమును కొలుచుటకు ప్యానెల్ ఒక నూతన సాధనమని ప్రతిపాదించెను. 1940 అధ్యక్ష ఎన్నికలలో ఒహాయో రాష్ట్రమందలి ఈరీ కౌంటీలో ఆయన బృందము ఆ సాధనమును పరీక్షించెను. మొదట సుమారు 3,000 మందిని ప్రశ్నించి, వారి నుండి 600 మంది చొప్పున నాలుగు సమానమైన జట్లు ఏర్పరచిరి. ఒక జట్టును మే మాసము నుండి నవంబరు వరకు నెలనెలకును దర్శించిరి. తక్కిన మూడు జట్లను ఒక్కొక్కసారి మాత్రమే తిరిగి ప్రశ్నించిరి.

ఆ మూడు జట్లు ఎందులకు? ఇందులోనే ఆ ప్రయోగపు వివేకము కలదు. ఒకే మనిషిని నెలనెలకు నీవెవరికి ఓటు వేయుదువని అడిగినచో, ఆ అడుగుటయే అతని ఆలోచనను మార్చవచ్చును. పలుమారు ప్రశ్నింపబడిన జట్టును, ఒక్కసారి ప్రశ్నింపబడిన జట్టుతో పోల్చి చూచినచో ఆ దోషము బయటపడును. పద్ధతిని కనిపెట్టినవారే దాని రోగమునకు పరీక్షను గూడ మొదటి ప్రయోగముననే సిద్ధపరచిరి.

ఫలితములు 1944లో బెరెల్సన్, గోడెట్ గార్లతో కలిసి వెలువరించిన గ్రంథమున చేరినవి. ఎన్నికల ప్రచారము జనులను ఇటునుండి అటు త్రిప్పునని అందరును నమ్మియుండిరి. స్థిరబృందమున తేలినదేమనగా ప్రచారము నూటికి 53 మందికి ముందున్న అభిప్రాయమునే గట్టిపరచినది. ఒక పక్షము నుండి మరియొక పక్షమునకు పూర్తిగా మరలినవారు నూటికి 8 మంది మాత్రమే. ఒక్కసారి జరుపు సర్వేలు ఎన్ని జరిపినను ఈ విషయము తేలియుండెడిది కాదు.

ఈ సమాధానముల జతలను నిలువు వరుసలు, అడ్డు వరుసలు గల పట్టికలో వేయుట వాడుకయైనది. మొదటిసారి ఎక్కడ నుండిరో అడ్డముగను, రెండవసారి ఎక్కడ నుండిరో నిలువుగను గుర్తింతురు. 1954లో టి.డబ్ల్యు. ఆండర్సన్ ఈరీ కౌంటీ అంకెలనే తీసికొని, ఆ పట్టిక నుండి ఒక స్థితి వీడి వేరొక స్థితికి పోవు సంభావ్యతను గణించు మార్గమును చూపెను. భాష విషయమున దీని యర్థము సులభము. ఒక తరమున తెలుగిండ్లలో నూటికి 90 తెలుగును నిలుపుకొనునని తేలినచో, ఆ రేటే సాగిన యెడల మూడు తరముల తరువాత నూటికి 73 మిగులును. నిలుపుకొనునవి 80 మాత్రమే యైనచో మూడు తరములకు 51 మిగులును. మొదటి తరమున పది ఇండ్ల తేడా మునిమనుమల నాటికి ఇరువదిరెండు ఇండ్ల తేడా యగును. ఈ గణనకు కావలసిన 90 లేక 80 అను మూలసంఖ్య జనాభా లెక్కల మొత్తములలో దొరకదు. కుటుంబముల జతపట్టికలోనే దొరకును.

కంటికి కానరాని గుణము

లాజర్స్‌ఫెల్డ్ పద్ధతి మార్పును చూపినది. మార్పునకు కారణమును విడదీయు గణితము ఆర్థికశాస్త్రజ్ఞుల నుండి వచ్చినది. వారి చిక్కు వ్యవసాయమున పుట్టినది. ఎరువు హెచ్చుగా వేసిన రైతునకు పంట హెచ్చుగా వచ్చుచున్నది. ఇది ఎరువు మహిమయా, రైతు నేర్పు మహిమయా? నేర్పరియైన రైతు ఎరువును హెచ్చుగా వేయును, అదనునకు విత్తును, కలుపు తీయించును. నేర్పును కొలుచు కొలబద్ద లేదు. ఒక్క సంవత్సరపు అంకెలలో నేర్పు ఫలము గూడ ఎరువు ఖాతాలో పడును.

1961లో యాయిర్ మండ్లాక్ ఇజ్రాయేలు కమతములను కొన్ని సంవత్సరములు వరుసగా పరిశీలించిన అంకెలతో దీనికి సమాధానము చెప్పెను. రైతు నేర్పు కొద్ది సంవత్సరములలో మారదని యొప్పుకొన్నచో, ఒక్కొక్క రైతు పంట నుండి ఆ రైతు సగటు పంటను, ఎరువు నుండి ఆ రైతు సగటు ఎరువును తీసివేసినచో నేర్పు అనునది రెండు వైపుల నుండియు జారిపోవును. మిగిలినది అతడు తన సగటు కంటె హెచ్చు ఎరువు వేసిన యేట తన సగటు కంటె ఎంత హెచ్చు పండించెనను లెక్క. రైతును వేరొక రైతుతో గాక, అతనితోనే పోల్చుట ఇందలి కిటుకు. దీనిని స్థిరప్రభావ పద్ధతి యందురు.

రాష్ట్రేతరాంధ్రుల యెడల ఇట్టి ప్రశ్నయే తెలుగు పాఠశాలలను గూర్చి వచ్చును. తెలుగు బడికి పిల్లలను పంపిన ఇండ్లలో తెలుగు చదువు హెచ్చుగా నుండును. అది బడి చేసిన మేలా? లేక తెలుగుపై మమకారము గల ఇండ్లే బడికి పంపుచున్నవా? రెండు ఇండ్లను ఊహింతము. మొదటి ఇంట, పిల్లలు తెలుగు బడికి పోవునప్పుడు, వారమునకు 10 గంటలు తెలుగు చదువబడుచుండెను. బడి మూతపడిన తరువాత 8 గంటలు. రెండవ ఇంట ఎన్నడును తెలుగు బడి లేదు. అప్పుడును ఇప్పుడును 3 గంటలే. మొదటి దర్శనమును మాత్రమే చూచినవాడు 10 నుండి 3 తీసివేసి, బడివలన 7 గంటల లాభమని చెప్పును. రెండు దర్శనములను చూచినవాడు బడి పోయినందున తగ్గినది 2 గంటలే యనియు, తక్కిన 5 గంటలు ఆ ఇంటి మమకారమే యనియు చెప్పును. బడులు తెరువవలెనని కోరువారికి గాని, అక్కరలేదని వాదించువారికి గాని 7, 2 అను ఈ రెండంకెల భేదము చిన్నది కాదు.

ఈ పద్ధతికి మూల్యమును కలదు. ఇంటిలో మారనిది ఏదియైనను తీసివేతలో కొట్టుకొనిపోవును. ఆ కుటుంబము ఏ శతాబ్దమున వలసవచ్చినది, ఏ వృత్తిలో పుట్టినది అను విషయముల ప్రభావమును ఈ మార్గమున కొలువజాలరు. వందల యేండ్ల క్రిందట స్థిరపడిన సమాజములను పరిశీలించువారికి ఇది పెద్ద లోపమే.

తెలుగువారి కృషి

ఆ లోపమును పూరించు మార్గము మరియొక దిక్కు నుండి వచ్చినది. దాని బీజము ఖగోళశాస్త్రమున కలదు. 1861లో జార్జ్ ఎయిరీ దూరదర్శినితో చేసిన పరిశీలనలను గూర్చి వ్రాయుచు, ఒక్కొక్క రాత్రికి ఆ రాత్రి పరిశీలనలన్నింటికిని ఉమ్మడియైన దోషమొకటి యుండునని గుర్తించెను. రాత్రికి బదులు కుటుంబమును నిలిపినచో అదియే యాదృచ్ఛిక ప్రభావ పద్ధతి. ప్రతి ఇంటికిని తనదైన ఎత్తుపల్లము కలదు. అది ఎన్నో ఇండ్ల ఎత్తుపల్లములలో యాదృచ్ఛికముగా ఎంచుకొన్నది. 1966లో బలెస్ట్రా, నెర్లోవ్ అమెరికాలో సహజవాయువు గిరాకీని గణించుటకు దీనిని వినియోగించిరి.

1971లో ఈ రెండు మార్గములకును గల సంబంధమును స్పష్టపరచినవాడు జి.ఎస్. మద్దాల. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టము పొంది, బొంబాయిలో గణాంకశాస్త్రము చదివి, షికాగోలో 1963లో డాక్టరేటు పొందిన మద్దాల, యాదృచ్ఛిక ప్రభావ పద్ధతి ఇంటిలోని తేడాలను, ఇంటింటి మధ్య తేడాలను తగిన తూకమున కలుపునని చూపెను. స్థిరప్రభావ పద్ధతి ఇంటిలోని తేడాలనే నమ్మి, ఇంటింటి మధ్య తేడాలను పారవేయును. పారవేయబడిన దానిలో గూడ సమాచారము కలదు. దానికి ఎంత తూకమీయవలెననుటయే ప్రశ్న. ఇంటి స్వభావమునకును, పరిశీలించు కారణమునకును సంబంధమున్నచో మాత్రము ఆ తూకము మోసగించును. ఆ సంబంధమున్నదా లేదా యని పరీక్షించు ఉపాయమును 1978లో జెర్రీ హౌస్‌మన్ చెప్పెను.

1970లో పి.ఎ.వి.బి. స్వామి మరియొక మెట్టు ఎక్కెను. ఇంటింటికిని ఎత్తుపల్లము మాత్రమే గాక, కారణమునకు ఫలమిచ్చు తీరు గూడ వేరుగా నుండవచ్చునని ఆయన పద్ధతి యంగీకరించినది. బడి మూతపడినప్పుడు ఒక ఇంట తెలుగు వెంటనే వాడిపోవచ్చును. వేరొక ఇంట అవ్వ చెప్పు కథలతో నిలిచియుండవచ్చును. అందరికిని ఒకే రేటు కట్టక, రేట్ల సగటును, రేట్ల వ్యాప్తిని గూడ కొలువవలెనని దీని భావము.

వీరికి ముందుగనే ఈ ఆలోచనకు పునాదులు వేసినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన జీవితమే ఈ సంపుటమునకు తగిన ఉదాహరణము. 1920 సెప్టెంబరు 10న అప్పటి మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించెను. ఆ ఊరు నేడు కర్ణాటకములో నున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరెను. 1958లోను, 1965లోను ఆయన ప్రకటించిన పత్రములు పెరుగుదల గీతలను పోల్చు పద్ధతిని నిర్మించినవి. ఒకే ప్రాణిని పలు దినములలో తూచినప్పుడు ఆ తూకములు ఒకదానితోనొకటి సంబంధము గలవి. వానిని వేర్వేరు ప్రాణుల తూకములుగా భావించి లెక్కించుట తప్పు. ఒక్కొక్క ప్రాణి పెరుగుదలను ఒక గీతగా గ్రహించి, గీతలను పోల్చుట సరియైన త్రోవ. 1970 మొదలు ఆయన వ్రాసిన పత్రములు మొత్తము తేడాలో ఎంత భాగము వ్యక్తిది, ఎంత భాగము సందర్భముది యని విడదీయు నియమమును ఇచ్చినవి. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము లభించినది. ఆ సంవత్సరమే ఆగస్టు 22న 102 యేండ్ల వయస్సున పరమపదించెను. జన్మస్థలమును బట్టి లెక్కించినచో కర్ణాటకమువాడు, మాతృభాషను బట్టి తెలుగువాడు, చదువును బట్టి ఆంధ్రదేశమువాడు, వృత్తిని బట్టి వంగదేశమువాడు, పిదప అమెరికావాడు. ఏ ఒక్క లెక్కయు ఆయనను పట్టజాలదు. వరుస లెక్కయే పట్టగలదు.

పల్లెల సాక్ష్యము

భారతదేశమున మరల మరల దర్శించు సంప్రదాయము దక్షిణముననే మొలకెత్తినది. మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి ఆర్థికశాస్త్రాచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ 1916 ప్రాంతమున తన విద్యార్థుల చేత దక్షిణదేశపు పల్లెలను పరిశీలింపజేసి, 1918లో గ్రంథము వెలువరించెను. ఇరువదేండ్ల తరువాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ పల్లెలకే మరల పోయి, 1940లో పునఃపరిశీలన గ్రంథమును ప్రకటించిరి. తరువాతి తరములవారును ఇరువేల్పట్టు మున్నగు ఆ పల్లెలకు పోవుచునే యుండిరి. ఇవి ఊళ్ల దర్శనములు. ఇండ్లను పేరుపేరున జతపరచిన దర్శనములు కావు. ఆ పని తరువాత తెలంగాణ, మహారాష్ట్ర పల్లెలలో జరిగినది.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో ఆరు పల్లెలను ఎంచుకొన్నది. మహబూబ్‌నగరు జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. షోలాపురము జిల్లాలో శిరాపూర్, కల్మాన్. అకోలా జిల్లాలో కంజారా, కిన్‌ఖేడా. ప్రతి పల్లెలో 40 కుటుంబములు: 10 కూలివి, 10 చిన్నరైతులవి, 10 మధ్యరైతులవి, 10 పెద్దరైతులవి. పరిశోధకులు ఆ పల్లెలలోనే కాపురముండి, మూడు నాలుగు వారములకొకసారి ఇంటింటికి పోయి ఆదాయము, వ్యయము, పని, అప్పు, పెండ్లి అన్నియు వ్రాసికొనిరి. మొదటి విడత 1985 వరకు సాగినది. 2001 తరువాత మరల మొదలైనది.

ఆ అంకెలను పరిశీలించి 1993లో రాఘవ్ గైహా, అనిల్ దేవ్‌లాలికర్ ఒక విషయమును చూపిరి. తొమ్మిదేండ్లలో ప్రతి యేటను పేదలుగా నున్న కుటుంబములు నూటికి 21.8. ఏ యేటను పేదలు కానివి 12.4. తక్కిన 65.8 కొన్ని యేండ్లు పేదలు, కొన్ని యేండ్లు కారు. పేదలు అను స్థిరమైన జాతి యొకటి ఊరిలో నున్నదని తలచువారికి ఇది కనువిప్పు. వచ్చిపోవు పేదరికమునకు పంటభీమా, కరవుపని ఆసరా యగును. తొమ్మిదేండ్లును వీడని పేదరికమునకు భూమియో చదువో కావలెను. ఏటేటను వేర్వేరు ఇండ్లను ఎంచి చేసిన సర్వేలకు ఈ రెండును ఒక్కటిగనే కనబడెడివి.

ఆ పల్లెల నుండియే మరియొక విషయము తేలినది. 1989లో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ ప్రకటించిన పరిశోధన ప్రకారము, రాబడిలో ఒడుదుడుకులు హెచ్చుగా గల కుటుంబములు దూరపు ఊళ్లతో వియ్యమందుట కలదు. ఒక ఊర వాన తప్పినను వియ్యాలవారి ఊర పడవచ్చును. వియ్యము కూడ భీమాయే. రాష్ట్రేతరాంధ్రుల కుటుంబములు సరిహద్దు దాటి స్వభాషవారితో సంబంధములు కలుపుకొనుటలో మమకారమెంత, ముందుచూపెంత యను ప్రశ్నకు ఇది ఒక త్రోవ చూపుచున్నది. ఆ ప్రశ్నకును ఇండ్లను మరల మరల దర్శింపక సమాధానము లేదు.

తరుగు

స్థిరబృందమునకు ప్రధాన శత్రువు తరుగు. మొదటిసారి కనబడిన ఇల్లు రెండవసారి కనబడదు. ఇల్లు అమ్ముకొని పోవుదురు, పెద్దలు మరణింతురు, ఉమ్మడి కుటుంబము విడిపోవును. 2004-05లో 41,554 కుటుంబములతో మొదలైన భారత మానవాభివృద్ధి సర్వే 2011-12లో తిరిగి పోయినప్పుడు నూటికి 83 కుటుంబములను మరల పట్టుకొనగలిగినది. ఇంత విశాలదేశమున అది గొప్ప విజయమే. కాని దొరకని 17 ఇండ్లు దొరికిన 83 ఇండ్లవంటివే యనుకొనుటకు వీలులేదు. కదలిపోయినవారే తరిగినవారు. వలసను గూర్చి విచారించు పరిశీలనలో వలసపోయినవారు తప్పిపోయినచో, నిలిచిన ఇండ్లను చూచి తెలుగు చక్కగా నిలిచినదని తీర్మానింతురు; ఆ తీర్మానము వట్టిది.

దీనికి మిషిగన్ విశ్వవిద్యాలయము 1968లో ప్రారంభించిన ఆదాయ పరిశీలన ఒక నియమమును చూపినది. సుమారు 5,000 కుటుంబములతో మొదలై, ఆ కుటుంబముల నుండి విడిపోయిన పిల్లలు ఎక్కడ కాపురము పెట్టినను వారిని గూడ వెంబడించినది. గడపను గాక రక్తసంబంధమును అనుసరించుటచే అది అరువదేండ్ల చరిత్రకు చేరువైనది. భారత ప్రభుత్వపు కార్మిక సర్వే 2017 నుండి పట్టణములలో వేరొక మార్గమును తొక్కినది: ఒక్కొక్క ఇంటిని నాలుగుమార్లు దర్శించి విడిచి, ప్రతి త్రైమాసికమునను నాలుగవ వంతు ఇండ్లను క్రొత్తగా చేర్చుట. 2025 నుండి గ్రామములకును ఇట్టి పద్ధతి విస్తరించినది. మొదటిది దీర్ఘదృష్టి, రెండవది పొదుపు. పనిని బట్టి మార్గము.

జ్ఞాపకమును ఆశ్రయించుట మరియొక మార్గము. 1943 వంగదేశపు కరవు తరువాత మహలనోబిస్ బృందము కుటుంబములను కరవుకు పూర్వపు స్థితిని, తరువాతి స్థితిని అడిగి జతపరచినది. పోయిన కాలమును తిరిగి దర్శింపజాలనప్పుడు అదియే గతి. కాని జ్ఞాపకము నేటి స్థితికి అనుగుణముగా నిన్నటిని దిద్దుకొనును. మా తాత యింట తెలుగే మాటలాడిరని మనుమడు చెప్పు మాటకును, తాత నాడు స్వయముగా వ్రాయించిన సమాధానమునకును భేదము కలదు.

కర్తవ్యము

రాష్ట్రేతరాంధ్రుల సమాజములు ఒక విధమున అదృష్టవంతములు. షోలాపురపు చేనేతవారు, బెంగుళూరు, మదురై పట్టణములవారు, బరంపురమువారు తమ సంఘములను, గుడులను, బడులను తరతరములుగా నడుపుచున్నారు. అట్టి సంస్థలలో చందాదారుల పట్టీలు, బడి హాజరు పుస్తకములు, పెండ్లిపత్రికలు దొరకును. ఇవి జ్ఞాపకములు కావు. ఆయా కాలముననే వ్రాయబడినవి. ఒక పట్టీలోని ఇంటిపేరును తరువాతి పట్టీలోని ఇంటిపేరుతో జతపరచినచో, అనుకొనకయే తయారైన స్థిరబృందము బయటపడును. దానికి ముందుకు సాగు దర్శనములను కలిపినచో, అనగా ఎంచుకొన్న కొన్ని వందల ఇండ్లను అయిదేండ్లకొకసారి చూచి, విడిపోయిన పిల్లలను గూడ వెంబడించి, ఇంట ఏ భాష, బడిలో ఏ భాష, పెండ్లి ఎక్కడ, లెక్కలవానికి ఏమి చెప్పిరి అని నాలుగు ప్రశ్నలడిగినచో, 39.7 లక్షలు 35.3 లక్షలై, మరల 42.3 లక్షలగుట వంటి వింతలకు కారణము చెప్పుట సాధ్యమగును. చందాదారుల పట్టీలో సంఘాభిమానులే యుందురనియు, సంఘము గడప తొక్కనివారిని వేరుగా ఎంచి చేర్చవలెననియు మరువరాదు. ఇండ్లవారి పేర్లను గోప్యముగా నుంచుట ఇట్టి పనికి మొదటి ధర్మము. నమ్మిక లేని గడప రెండవసారి తెరువదు.

2021లో జరుగవలసిన జనాభా లెక్కలు ఆ యేట జరుగలేదు. అయినను లెక్కలు వచ్చును, మొత్తములు వచ్చును. వానిని చూచి దుఃఖించువారును, కొట్టివేయువారును మరల బయలుదేరుదురు. కుటుంబములు విడిచిపోవుచున్న చోట క్రొత్త బడి తెరచినను ప్రయోజనము స్వల్పము. కుటుంబములు నిలిచి పిల్లలు భాషను విడుచుచున్న చోట బడి లేకుండుట తీరని నష్టము. భాష నిలిచియుండి పేరు మాత్రము మార్చి చెప్పుచున్న చోట బడి కంటె భయమును పోగొట్టుట ముఖ్యము. ఈ మూడు ఊళ్లకును జనాభా లెక్కలలో ఒకే అంకె పడవచ్చును. ఏ ఊరు ఏదో తెలిసికొనుటకు ఆ ఇంటి గడపనే మరల తొక్కవలెను.